పోస్టు నుంచి రేంజర్ దాకా: నేషనల్ పార్కుల్లో సందర్శకుల ఆగడాలను సోషల్ మీడియాలో కనిపెట్టడం ఎలా

నేషనల్ పార్కులో గీత దాటినవాళ్లు ఆ సంగతి పెద్దగా దాచుకోరు. కంచె దూకి, బైసన్ (అడవి దున్నలాంటి పెద్ద జంతువు) పక్కన నిలబడి, రాతి మీద పేరు చెక్కి, ఆ ఫొటోను సాయంత్రానికల్లా వాళ్లే పెడతారు. వాళ్లు పెట్టకపోతే పక్క కారులోవాళ్లు పెడతారు. అమెరికాలోని ఎల్లోస్టోన్ లాంటి పార్కు విస్తీర్ణం దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. అంత నేలను ఎంతమంది రేంజర్లు కాపలా కాయగలరు? అక్కడ కంటపడనిది ఫోన్‌లో కనబడుతుంది. అయితే ఫోన్‌లో కనబడిందల్లా జరిగినట్టు కాదు. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

ఇక్కడ చెప్పే పద్ధతి పార్కు సిబ్బందికీ, పార్కుకు తోడుగా పనిచేసే స్వచ్ఛంద బృందాలకీ పనికొస్తుంది. కావలసింది ఇద్దరు మనుషులు, ఒక కంప్యూటర్, ఒక స్ప్రెడ్‌షీట్, ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్, రోజుకు ముప్పావుగంట సమయం. ఇద్దరే ఎందుకంటే, ఒకరికి దొరికినదాన్ని రెండోవారు పరీక్షించాలి. వెతికి పట్టుకున్నవాళ్లకు అది తప్పేనని అనిపించడం సహజం. పదిమందిని పెట్టుకుంటే ఎవరు ఏం చూశారో ఎవరికీ తెలియక నెల తిరక్కుండానే పని ఆగిపోతుంది.

ముందు తప్పు అంటే ఏమిటో రాసుకోండి

వెతకడం మొదలుపెట్టే ముందు మీ పార్కు నిబంధనల ప్రతి తెచ్చుకుని ఒక పట్టిక తయారు చేయండి. నాలుగు గడులు చాలు: నిబంధన సంఖ్య, దాని అసలు మాటలు, ఫొటోలో ఏం కనబడితే ఉల్లంఘన అనాలి, చూడ్డానికి అలాగే ఉన్నా ఉల్లంఘన కానిదేది.

మొదటి మూడూ అందరూ రాస్తారు, నాలుగోదే వదిలేస్తారు. తర్వాత పరువు తీసేది అదే. తోడేలు మెడకు కాలర్ కడుతున్న మనిషి జంతువును హింసిస్తున్నట్టే కనబడతాడు, కానీ ఆయన పార్కు జీవశాస్త్రవేత్త. వేడి నీటి బుగ్గ పక్కన కంచె లోపల నిలబడ్డ ఆవిడ దగ్గర పరిశోధన అనుమతి ఉండొచ్చు. డ్రోన్ ఎగరేసింది మంటలార్పే బృందం కావచ్చు. గట్టి రాతి నేల ఉన్న కొన్ని పార్కుల్లో బాట వదిలి నడవడం తప్పే కాదు, మరికొన్నింటిలో అడుగు పక్కకు వేసినా తప్పే. నిప్పు రాజేయడం కూడా అంతే, కేటాయించిన గుండంలో అయితే మామూలు సంగతి, నిషేధం ఉన్న వారంలో అదే నేరం. అందుకే నిషేధాలు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అమల్లో ఉన్నాయో తేదీలతో పట్టికలో ఉండాలి.

అంకెలున్న నిబంధనల్లో అంకెలే రాయండి. ఎల్లోస్టోన్‌లో బైసన్, ఎల్క్ (పెద్ద జాతి జింక) లాంటి జంతువులకు కనీసం 25 గజాలు, అంటే 23 మీటర్ల దూరంలో ఉండాలి. ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాలు, అంటే 91 మీటర్లు. అమెరికా నేషనల్ పార్కుల్లో డ్రోన్ల మీద 2014 నుంచి నిషేధం ఉంది. మీ పార్కు అంకెలు వేరు కావచ్చు. పక్క పార్కు నిబంధన చూసి మీ పార్కు సందర్శకుడిని తప్పుపట్టకండి.

వెతకాల్సిన మాటలు

నిబంధనల పుస్తకంలోని మాటలతో వెతికితే నిబంధనల పుస్తకమే దొరుకుతుంది. తప్పు చేసినవాడు తన పోస్టులో 'వన్యప్రాణికి అతి సమీపంగా వెళ్లాను' అని రాయడు. 'కొత్త ఫ్రెండు' అంటాడు, 'సీక్రెట్ స్పాట్' అంటాడు, 'ఎవరికీ తెలియని వ్యూ పాయింట్' అంటాడు. కొన్నిసార్లు తాను పుణ్యం చేశాననే అనుకుంటాడు. 2016లో ఎల్లోస్టోన్‌లో ఒక బైసన్ దూడ చలికి వణుకుతోందని కొందరు సందర్శకులు దాన్ని కారు వెనక ఎక్కించుకుని తీసుకొచ్చారు. మంద దాన్ని మళ్లీ దగ్గరికి రానివ్వలేదు, చివరికి పార్కువాళ్లు ఆ దూడను చంపాల్సి వచ్చింది. 2023లో అదే పార్కులో నది దాటలేకపోతున్న దూడను ఒకాయన చేత్తో పైకి నెట్టాడు. దాని గతీ అదే అయింది. ఇలాంటి పోస్టులు దొరకాలంటే 'పట్టుకున్నాం' అన్న మాట కాదు, 'కాపాడాం', 'పాపం', 'బుజ్జి' లాంటి మాటలు మీ జాబితాలో ఉండాలి.

రెండు జాబితాలు వేరువేరుగా రాయండి. ఒకటి చోట్ల పేర్లు: అధికారిక పేరు, జనం వాడే ముద్దుపేరు, తప్పు స్పెల్లింగులు, దగ్గరి ఊరి పేరు, అక్కడి లాడ్జీ పేరు. చాలామంది పార్కు పేరు బదులు తాము బస చేసిన చోటినే ట్యాగ్ చేస్తారు. రెండోది చేష్టల పేర్లు: ముట్టుకోవడం, తినిపించడం, దూకడం, ఈదడం, ఎగరేయడం, చెక్కడం, వాటి చుట్టూ తిరిగే మాటలు, ఎమోజీలు. మీ పార్కుకు ఏయే భాషలవాళ్లు ఎక్కువగా వస్తారో చూసి, ఆ భాషలు ఇంట్లో మాట్లాడేవాళ్ల చేత జాబితా రాయించండి. అనువాద యాప్‌లకు యాస, వెటకారం తెలియవు.

30 చోట్లు, 20 చేష్టలు కలిపితే 600 జతలు. అన్నీ రోజూ వెతకలేరు, వెతకనవసరమూ లేదు. మొదటి రెండు వారాలు అన్నీ ఒకసారి చూసి, ఏ జతల్లో సరుకు దొరికిందో గుర్తు పెట్టండి. అందులోంచి ఓ 25 ఏరుకుంటే రోజువారీ పనికి సరిపోతాయి. మిగిలినవి నెలకొకసారి.

ఏపీఐల ద్వారా, అంటే యాప్ సమాచారాన్ని మరో ప్రోగ్రాంతో నేరుగా అడిగే దారిలో, వెతికించేవాళ్లు పరిమితులు ముందే తెలుసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ హ్యాష్‌ట్యాగ్ సెర్చ్‌లో ఒక ఖాతాకు ఏడు రోజుల్లో 30 వేర్వేరు హ్యాష్‌ట్యాగులకు మించి కుదరవు. పైగా 'తాజా' అన్న జాబితాలో గత 24 గంటల పోస్టులే వస్తాయి, కాబట్టి ఒక రోజు మానేస్తే ఆ రోజు పోయినట్టే. యూట్యూబ్ మామూలుగా రోజుకు 10,000 యూనిట్ల కోటా ఇస్తూ వచ్చింది, ఒక్కో వెతుకులాటకు 100 యూనిట్లు ఖర్చు. అంటే రోజుకు వంద వెతుకులాటలు. కోటాలు మారుతుంటాయి కాబట్టి మొదలుపెట్టే నాటికి ఎంత ఉందో చూసుకోండి. ఒకే సాధనం మీద మొత్తం బరువు వేయకండి. ట్విట్టర్ ఉచిత ఏపీఐ 2023లో పోయింది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను గమనించడానికి వాడే క్రౌడ్‌టాంగిల్‌ను వాటి యజమాని మెటా 2024 ఆగస్టులో మూసేసింది. వాటిని నమ్ముకుని కట్టిన పర్యవేక్షణ వ్యవస్థలు వాటితోపాటే కూలాయి. చేత్తో వెతికే అలవాటు ఉన్న బృందానికి ఆ బెడద లేదు.

ఏ చోట ఏం దొరుకుతుంది

ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్‌లలో దొరికేవి ఎక్కువగా తప్పు చేసినవాళ్లు స్వయంగా పెట్టినవి. ఫేస్‌బుక్‌లోని పార్కు అభిమానుల గ్రూపుల్లో కనబడేవి చూసినవాళ్లు కడుపు మండి పెట్టినవి. కేసులకు ఎక్కువగా పనికొచ్చేవి ఈ రెండోవే, ఎందుకంటే సాక్షి దగ్గర అసలు ఫైలు ఉంటుంది, అడిగితే ఇస్తారు. 2021లో ఎల్లోస్టోన్‌లో పిల్లలతో ఉన్న గ్రిజ్లీ ఎలుగుబంటికి దగ్గరగా నిలబడి, అందరూ వెనక్కి తగ్గినా తాను తగ్గకుండా ఫొటోలు తీసిన మహిళకు 4 రోజుల జైలు పడింది. ఆ ఘటన జనం కళ్లకు కట్టింది మరో సందర్శకుడు తీసిన వీడియోతోనే.

గూగుల్ మ్యాప్స్ రివ్యూలను చాలా బృందాలు మరిచిపోతాయి. పార్కు గుర్తించని 'వ్యూ పాయింట్' పిన్ ఒకటి మ్యాప్‌లో కొత్తగా పుట్టిందంటే, అక్కడికి దొంగదారి ఏర్పడిందని అర్థం. రివ్యూల్లో 'కంచె పక్క సందులోంచి వెళ్లండి' అని దారి కూడా రాసి పెడతారు. ఆ పిన్‌ను తీసేయమని గూగుల్‌కు అక్కడికక్కడే సవరణ పంపొచ్చు. ఆల్‌ట్రెయిల్స్, వికీలాక్ లాంటి నడక దారుల యాప్‌లలో సందర్శకులు ఎక్కించిన దారులు, వ్యాయామ యాప్ స్ట్రావా వాడేవాళ్లు తిరిగిన దారులను కలిపి చూపే హీట్‌మ్యాప్‌లో సన్నని కొత్త గీతలు కూడా ఇదే చెబుతాయి. హీట్‌మ్యాప్ మనుషులను చూపదు, గుంపుగా నడిచిన జాడను చూపుతుంది. ఇక్కడ కావలసింది కూడా అంతే.

స్టోరీలు 24 గంటల్లో మాయమవుతాయి. అందుకే రోజూ ఒకే వేళకు కూర్చోవాలి, రాత్రి వేళ అయితే మేలు. సెలవులు, వారాంతాలు ముగిసిన మర్నాడు రెట్టింపు సమయం కేటాయించండి.

దొరికిన వెంటనే దాచండి, నోరు మెదపకండి

ఎక్కువ కేసులు చెడేది ఇక్కడ. పోస్టు కింద 'ఇది నేరం, తెలుసా?' అని ఒక కామెంట్ పడగానే పోస్టు మాయం, ఖాతా ప్రైవేట్. 2014లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల పార్కుల్లో ఒక యువతి రాళ్ల మీద అక్రిలిక్ రంగులతో బొమ్మలు వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. సంగతి బయటపడి గొడవ మొదలయ్యాక ఆ ఖాతా మూతపడింది. కానీ అప్పటికే ఆమె పోస్టులను, కామెంట్లలో ఆమె ఇచ్చిన జవాబులను జనం స్క్రీన్‌షాట్లు తీసి ఉంచారు. 2016లో ఆమె ఏడు అభియోగాల్లో నేరం ఒప్పుకుంది. రెండేళ్ల ప్రొబేషన్, 200 గంటల సమాజ సేవ, ఆ రెండేళ్లూ నేషనల్ పార్కుల్లోకి ప్రవేశ నిషేధం విధించారు. ఆ స్క్రీన్‌షాట్లు లేకపోతే కథ వేరుగా ఉండేది.

దాచడంలో వరుస ఇది:

1. పోస్టు పూర్తి లింకును కాపీ చేసి పట్టికలో అతికించండి. ఖాతా పేరు మాత్రమే రాసుకుంటే చాలదు, పేర్లు మార్చేస్తుంటారు.
2. కంప్యూటర్ బ్రౌజర్‌లో పోస్టు తెరిచి, అడ్రస్ బార్, తేదీ కనబడేలా మొత్తం తెర స్క్రీన్‌షాట్ తీయండి. కత్తిరించకండి, బాణాలు గీయకండి. గీయాలనుకుంటే ఇంకో కాపీ మీద.
3. వీడియో అయితే మొదటి నుంచి చివరి దాకా స్క్రీన్ రికార్డింగ్ తీయండి, శబ్దంతో సహా. కామెంట్లను కూడా కిందికి జరుపుతూ రికార్డు చేయండి. పెట్టినవాళ్లు 'ఎక్కడ, ఎప్పుడు' అన్న ప్రశ్నకు జవాబిచ్చేది అక్కడే.
4. వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో లింకు భద్రపరిచి చూడండి. యూట్యూబ్ పేజీలు, బ్లాగులు సాధారణంగా నిలుస్తాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు తరచుగా లాగిన్ గోడ దగ్గర ఆగిపోతాయి కాబట్టి దాన్నే నమ్ముకోకండి.
5. దాచిన సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, రాయండి. స్థానిక సమయం రాస్తే ఏడాది తర్వాత కోర్టులో గంటల తేడా దగ్గర చిక్కు వస్తుంది.
6. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టిన, వేలిముద్ర లాంటి పొడవాటి కోడ్) తీసి పట్టికలో ఎక్కించండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ దీనికి కావలసిన ఆదేశం సిద్ధంగానే ఉంటుంది, వేరే ప్రోగ్రాం కొననక్కర్లేదు. ఫైలులో ఒక్క పిక్సెల్ మారినా హ్యాష్ మారిపోతుంది. తర్వాత ఎవరూ 'మీరు మార్చారు' అనకుండా ఉండేది దీనివల్లే.
7. ఫైలును ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. పని చేయాల్సింది కాపీ మీదే.

సాక్షి ఎవరైనా తాను తీసిన ఫొటో పంపుతానంటే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపవద్దని చెప్పండి. అలా పంపితే సమయం, జీపీఎస్ వివరాలు రాలిపోతాయి, బొమ్మ కూడా కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా గానీ ఈమెయిల్‌లో గానీ అసలు ఫైలు పంపమనండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌ల నుంచి దించుకున్న ఫొటోల్లో ఈ వివరాలు వెతకడం దండగ, ఎక్కించేటప్పుడే అవి తీసేస్తాయి. ఫొటోలు పంచుకునే ఫ్లికర్, జీవజాతుల ఫొటోలు నమోదు చేసే ఐనేచురలిస్ట్‌లలో మాత్రం తరచుగా దొరుకుతాయి.

అసలు జరిగిందా, ఇక్కడేనా, ఎప్పుడు

రెండో మనిషి పని ఇక్కడ మొదలవుతుంది. దొరికించుకున్నవారి అభిప్రాయం వినకుండా ఫైలు మాత్రమే తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి.

ఎప్పుడు అన్నది ముందు తేల్చండి, ఎందుకంటే పాత వీడియోలు ప్రతి వేసవిలో కొత్త వేషంతో తిరిగొస్తాయి. వీడియోలోంచి మూడు నాలుగు ఫ్రేములు తీసి, బొమ్మనిస్తే అది ఇంకెక్కడ ఉందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్, టిన్ఐ, యాండెక్స్‌లలో వెతకండి. ఒక్కోదాని కంట పడేది రెండోదానికి పడదు. టిక్‌టాక్ లింకులో ఉండే పొడవాటి సంఖ్యలోనే ఎక్కించిన సమయం ఇమిడి ఉంటుంది. దాన్ని 4,29,49,67,296తో భాగించి, దశాంశం వదిలేస్తే, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు వస్తాయి. అయితే అది ఎక్కించిన సమయమే, తీసిన సమయం కాదు. తీసిన కాలం బొమ్మలోనే ఉంటుంది: మంచు ఎక్కడి దాకా కరిగింది, జింక కొమ్ముల మీద వెల్వెట్ (పెరిగే కొమ్ములను కప్పే మెత్తటి చర్మం) ఉందా రాలిందా, నదిలో నీళ్లు ఏ రాయి దాకా ఉన్నాయి. సూర్యుడి స్థానం చూపే సన్‌కాల్క్ సైటులో చోటు, తేదీ ఇచ్చి నీడల దిక్కు పోల్చితే గంట కూడా ఇంచుమించుగా దొరుకుతుంది.

ఎక్కడ అన్నదానికి కొండల అంచు గీతే వేలిముద్ర. గూగుల్ ఎర్త్‌లో నేల మట్టానికి దిగి, వెనకనున్న శిఖరాల వరుసను ఫొటో పక్కన పెట్టి చూడండి. పార్కు సరిహద్దు దగ్గరి ఘటనల్లో ఇది తప్పనిసరి. గీతకు అవతల అయితే నిబంధన వేరు, అధికారి వేరు.

ఇక దూరం. జంతువుకు దగ్గరగా వెళ్లారన్న ఫిర్యాదుల్లో గొడవంతా దీని మీదే. పెద్ద జూమ్ లెన్సుతో దూరం నుంచి తీస్తే ముందున్న మనిషి, వెనకున్న బైసన్ భుజం భుజం రాసుకున్నట్టు కనబడతారు. మధ్యలో 30 మీటర్లు ఉండొచ్చు. ఫొటో చూడగానే మండిపడే ముందు ఒక చిన్న లెక్క చేయండి.

మనిషి ఎత్తు 1.7 మీటర్లు అనుకుందాం, ఫొటోలో 340 పిక్సెళ్లు వచ్చాడు. పెద్ద మగ బైసన్ భుజం దగ్గర 1.8 మీటర్లు ఉంటుంది, ఫొటోలో 240 పిక్సెళ్లు వచ్చింది. మనిషి దగ్గర ఒక పిక్సెల్‌కు 5 మిల్లీమీటర్లు, బైసన్ దగ్గర 7.5 మిల్లీమీటర్లు. అంటే కెమెరా నుంచి మనిషి ఎంత దూరమో, బైసన్ దానికి ఒకటిన్నర రెట్ల దూరం. ఈ నిష్పత్తి ఒక్కటే చాలదు. మనిషి కెమెరాకు 20 మీటర్లలో ఉంటే బైసన్ 30లో ఉన్నట్టు, మధ్యలో 10 మీటర్లే, 23 మీటర్ల నిబంధన తప్పినట్టే. మనిషి 60 మీటర్లలో ఉంటే బైసన్ 90లో, మధ్యలో 30 మీటర్లు, తప్పేమీ లేదు. రెండు ఫొటోల్లోనూ వాళ్లిద్దరూ అదే నిష్పత్తిలో కనబడతారు.

కాబట్టి కెమెరాకు మనిషికి మధ్య దూరం తెలియాలి. ఫోన్ మెయిన్ కెమెరాతో, జూమ్ లేకుండా, అడ్డంగా తీసి, కత్తిరించని ఫొటో అయితే, ఎంత దూరంలో ఉన్నదాన్ని తీస్తే అంతకు సుమారు 1.35 రెట్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. ఫొటో వెడల్పు 4,000 పిక్సెళ్లు, మనిషి దగ్గర పిక్సెల్‌కు 5 మిల్లీమీటర్లు అయితే, అక్కడ ఫ్రేము వెడల్పు 20 మీటర్లు. 20ని 1.35తో భాగిస్తే దాదాపు 15 మీటర్లు. బైసన్ 22 మీటర్ల చోట. మధ్యలో ఏడెనిమిది మీటర్లు. లెక్కలో 30 శాతం తప్పున్నా ఇది 23 మీటర్లకు చాలా లోపలే. ఇలాంటిది ధైర్యంగా పంపొచ్చు. అదే లెక్క 19 అని తేలిస్తే పంపకండి, లేదా 'తేల్చలేం' అని రాసి పంపండి. మనిషి వంగి ఉన్నా, బైసన్ పల్లంలో ఉన్నా, ఫొటో కత్తిరించినా ఈ లెక్క చెడుతుంది. పక్క నుంచి తీసిన వీడియో దొరికితే ఈ తంటా లేదు: బైసన్ ఒంటి పొడవును కొలకర్రగా పెట్టుకుని మధ్యలో ఎన్ని పడతాయో లెక్కపెట్టడమే.

కృత్రిమ మేధతో తయారైన బొమ్మల సంగతి కూడా చూడాలి. చేతి వేళ్లు లెక్కపెట్టే రోజులు పోయాయి. అదే ఘటనను మరో కోణంలో తీసినవాళ్లు ఉన్నారా, వెనకున్న కొండలు నిజంగా అక్కడ ఉన్నాయా అన్నవే ఇంకా నమ్మదగిన పరీక్షలు.

మూడు కుప్పలు

ఇప్పుడే జరుగుతున్నది మొదటి కుప్ప: లైవ్ వీడియోలో మంట, కొండ చరియ అంచున వేలాడుతున్న మనిషి, దారి తప్పిన గుంపు. దీనికి పై పరీక్షలేవీ వద్దు, పార్కు అత్యవసర నంబర్‌కు ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోనే. పార్కు సోషల్ మీడియా ఖాతాకు రాత్రి పూట పంపిన మెసేజ్ మర్నాడు పొద్దున తెరుస్తారు.

జరిగిపోయినా నష్టం మిగిలేవి రెండో కుప్ప: రాతి చెక్కుడు, చెట్టు నరకడం, జంతువును ముట్టుకోవడం, తినిపించడం, డ్రోన్, ఉష్ణ కుండాల మీద నడవడం. ఇవి రేంజర్లకు.

బాట పక్కన గడ్డిలో నిలబడి ఫొటో దిగినవాళ్లు, పెంపుడు కుక్కను వద్దన్న చోటికి తెచ్చినవాళ్లు మూడో కుప్ప. వీటిని ఒక్కొక్కటిగా పంపితే రేంజర్లు మీ ఈమెయిళ్లు తెరవడం మానేస్తారు. వీటి విలువ లెక్కల్లో ఉంది, దాని సంగతి కింద.

అప్పగించడం

ఒక ఘటనకు ఒక పేజీ. పైన ఏ నిబంధన, ఎక్కడ, ఎప్పుడు జరిగిందని మీ అంచనా, ఆ అంచనా ఎంత గట్టిది. కింద లింకు, దాచిన సమయం, హ్యాష్, రెండో మనిషి ఏయే పరీక్షలు చేశారు, వాటిలో ఏది తేలలేదు. తేలనివి దాచిపెట్టకండి. అవతలి వకీలు వాటినే వెతుకుతాడు.

ఖాతా వెనకున్న మనిషి ఎవరో మీరు కనుక్కోవద్దు. ఆ అధికారం దర్యాప్తు అధికారులకు ఉంది, వాళ్లకు దారులూ ఉన్నాయి. అమెరికాలో అయితే, వాళ్లు కంపెనీకి లేఖ రాస్తే ఖాతా వివరాలను 90 రోజులు చెరపకుండా ఉంచాలి, మరో 90 రోజులు పొడిగించొచ్చు. ఆలోగా కోర్టు ఆదేశం తెచ్చుకుంటారు. అంటే మీ పేజీ రేంజర్‌కు ఎంత త్వరగా చేరితే అంత మేలు. వారమంతా పోగుచేసి శుక్రవారం పంపే అలవాటు రెండో కుప్పకు పనికిరాదు.

దొంగ ఖాతా తెరిచి ప్రైవేట్ ఖాతాల్లోకి దూరడం, స్నేహితుడిలా నటించి కబుర్లు రాబట్టడం కూడా మీ పని కాదు. ఆ ఆధారం చెల్లకపోగా, మీ మీదే కేసు పడొచ్చు. బహిరంగంగా కనబడేది చూడండి, అక్కడితో ఆగండి.

ఇంకొకటి. నవ్వులపాలు చేసే పేజీలకు ఈ ఫొటోలు పంపాలన్న ఉబలాటం బృందంలో ఎవరో ఒకరికి పుడుతుంది. వద్దని మొదటి రోజే చెప్పండి. పేరు కలిసిన మరో మనిషి ఇంటికి బెదిరింపులు వెళ్లిన సందర్భాలు సోషల్ మీడియాకు కొత్త కాదు. పైగా ఆ రీల్ లక్షల మందికి చేరితే, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు ఆ చోటికే ఇంకో పదిమంది వెళ్తారు. అవగాహన కోసం మీరే ఏదైనా పెట్టాల్సి వస్తే ముఖాలు, ఖాతా పేర్లు, చోటి ఆనవాళ్లు మసకబార్చండి. పిల్లలున్న ఫొటోలు అసలే వద్దు. ఖడ్గమృగాల్లాంటి జంతువుల చోటు బయటపడితే వేటగాళ్లకు చిరునామా ఇచ్చినట్టే.

మూడో కుప్ప లెక్కలు

చిన్న తప్పులను మనుషుల వారీగా కాకుండా చోటు, వారం, గంట, చేష్ట అన్న నాలుగు గడుల్లో నింపండి. ఖాతా పేరు ఇక్కడ ఎక్కించకండి, అవసరం లేదు. మూడు నెలలు నింపితే ఒక నమూనా బయటపడుతుంది: ఫలానా మలుపు దగ్గర, సాయంత్రం వెలుగు బాగున్న గంటలో, అదే రాతి మీదికి ఎక్కుతున్నారు. ఎక్కేది ఆ రాయి బాగుందని కాదు, కంచె ఉన్న చోట నుంచి చెట్టు కొమ్మ అడ్డొస్తోందని. కొమ్మ నరికితే సగం సమస్య పోవచ్చు, కంచెను రెండు మీటర్లు ముందుకు జరిపితే మొత్తం పోవచ్చు. బోర్డులు పెట్టడం అందరికీ మొదట తోచే పరిష్కారం. బోర్డు ముందే నిలబడి తప్పు చేస్తున్న ఫొటోలు మీ పట్టికలో ఎన్ని ఉన్నాయో చూసి మరీ నిర్ణయించండి.

లెక్కలో మూడు పొరపాట్లు మళ్లీ మళ్లీ జరుగుతాయి. ఒకే ఘటన యాభై రీపోస్టులుగా కనబడితే యాభై అని రాసేస్తారు, వెతికి కలపాలి. పోస్టులు పెరిగాయని తప్పులు పెరిగాయంటారు, సందర్శకులే పెరిగారేమో చూడరు. గేటు లెక్కతో భాగించి వెయ్యి మందికి ఎన్ని అని రాయండి. 2013లో వచ్చిన ఒక అధ్యయనం 836 విహార స్థలాల్లో ఫ్లికర్ ఫొటోల లెక్కకు, అసలు సందర్శకుల లెక్కకు పొంతన ఉందని చూపింది కాబట్టి, గేటు లేని చోట్ల మొత్తం ఫొటోల సంఖ్యనే జనం లెక్కకు బదులుగా వాడొచ్చు, జాగ్రత్తగా. మూడోది, పోస్ట్ చేయనివాళ్లను మరచిపోవడం. చెత్త పారేసినవాడు ఫొటో పెట్టడు, మొక్కలు పెరికి సంచిలో వేసుకున్నవాడు అసలే పెట్టడు. సోషల్ మీడియా చూపించేది గొప్పగా చెప్పుకోదగ్గ తప్పులనే. చెత్త, దొంగతనం సంగతి తెలియాలంటే బాట మీద నడవాల్సిందే.

కొన్నిసార్లు తప్పును పుట్టించేది యాప్‌లే. జంతువులు కనబడిన చోటును అప్పటికప్పుడు పంచుకునే యాప్‌ల వల్ల కార్ల వేగం, రద్దీ, రోడ్డు మీద జంతువుల చావులు పెరుగుతున్నాయని దక్షిణాఫ్రికా నేషనల్ పార్కుల సంస్థ 2016లోనే బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. మీ పట్టికలో ఒకే గంటలో ఒకే చోట పోస్టులు గుట్టపడుతుంటే ముందు ఏ యాప్ నుంచి జనం వస్తున్నారో వాకబు చేయండి.

కంచె జరిపాక, కొమ్మ కొట్టాక, మరుసటి ఏడాది అవే వారాల లెక్క తీసి పోల్చండి. వేరే నెలలతో పోల్చితే ఏదీ తేలదు. కేసు ముగిసిన ఫైళ్లను ఎన్నాళ్లు ఉంచాలో పార్కు న్యాయ విభాగాన్ని అడిగి ఒక తేదీ రాసుకోండి, ఆ తేదీన డ్రైవ్‌లోంచి చెరిపేయండి. మూడో కుప్ప స్క్రీన్‌షాట్లకు అంత కాలం కూడా అక్కర్లేదు, గడుల్లో ఎక్కించిన నెల చివరనే తీసేయొచ్చు.